లారా గుడ్‌మన్ సాల్వర్‌సన్: విన్న కథ, చూసిన జీవితం

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఐస్‌లాండ్ నుంచి కెనడాకు జరిగిన వలసల నేపథ్యాన్ని వివరించగలుగుతారు.
- లారా గుడ్‌మన్ సాల్వర్‌సన్ నవల ‘ది వైకింగ్ హార్ట్’ను, ఆమె ఆత్మకథ ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎన్ ఇమిగ్రంట్స్ డాటర్’ను పోల్చి విశ్లేషించగలుగుతారు.
- వలస సాహిత్యంలో త్యాగం, భాష అనే రెండు అంశాలను విమర్శకుని దృష్టితో పరిశీలించగలుగుతారు.

7.1 ప్రస్తావన

వలస సాహిత్యం చదివేటప్పుడు మనకు తరచుగా ఒక కథాక్రమం ఎదురవుతుంది. పుట్టిన నేల కూడు పెట్టదు. జనం ఓడ ఎక్కుతారు. కొత్త నేల మీద చలి, ఆకలి, రోగం వారిని పీడిస్తాయి. కొందరు చనిపోతారు, మిగిలినవారు నిలదొక్కుకుంటారు. చివరికి మనుమలు ఆ దేశపు పౌరులై తలెత్తుకు తిరుగుతారు. ‘పడ్డ కష్టం ఊరికే పోలేదు’ అన్న నిట్టూర్పుతో పుస్తకం ముగుస్తుంది.

ఈ కథాక్రమం అబద్ధమని చెప్పలేం. అయితే అది పూర్తి నిజమేనా అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. కష్టం పడినవారు ఒకరు, ఫలం అనుభవించినవారు ఒకరు అయినప్పుడు ‘ఊరికే పోలేదు’ అని చెప్పే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నను తన రచనల్లోనే ఎదుర్కొన్న రచయిత్రి లారా గుడ్‌మన్ సాల్వర్‌సన్ (1890–1970). 1923లో నవలగా ఆమె ఒక సమాధానం ఇచ్చింది. పదహారేళ్ల తరువాత, 1939లో, ఆత్మకథ రాస్తూ ఆ సమాధానాన్ని తానే మళ్లీ విచారణకు పెట్టింది. ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదవడమే ఈ పాఠంలో మనం చేయబోయే పని.

7.2 చారిత్రక నేపథ్యం

ఐస్‌లాండ్ ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ద్వీపం. పందొమ్మిదో శతాబ్దంలో అది డెన్మార్క్ పాలనలో ఉండేది. అప్పటి జనాభా లక్షకు లోపే. గొర్రెల పెంపకం, చేపల వేట ప్రజల జీవనాధారాలు. కఠినమైన చలికాలాలు, తగ్గిపోతున్న పచ్చిక, కొత్త కుటుంబాలకు సాగు చేసుకోవడానికి భూమి లేకపోవడం అప్పటికే జనాన్ని కుంగదీశాయి. ఆ స్థితిలో 1875లో ఆస్క్యా అగ్నిపర్వతం పేలి, తూర్పు ప్రాంతపు పచ్చిక బయళ్లను బూడిదతో కప్పేసింది. 1870 నుంచి 1914 వరకు జనాభాలో సుమారు ఐదో వంతు ఉత్తర అమెరికాకు వెళ్లిపోయిందని అంచనా.

వీరిలో ఒక బృందం 1875 అక్టోబరులో విన్నిపెగ్ సరస్సు పడమటి ఒడ్డుకు చేరింది. తాము స్థిరపడిన ప్రాంతాన్ని ‘న్యూ ఐస్‌లాండ్’ అని, అక్కడి ఊరిని ‘గిమ్లీ’ అని పిలుచుకున్నారు. ఈ పేరును గమనించండి. నార్స్ పురాణాల ప్రకారం లోకం నశించిన తరువాత మిగిలిన పుణ్యాత్ములు నివసించే దివ్యమందిరం పేరు గిమ్లీ. మంచులో, సరైన గూడైనా లేని చోటికి అలాంటి పేరు పెట్టుకోవడంలో వారి ఆశ ఎంతటిదో తెలుస్తుంది.

మరుసటి ఏడాది, 1876లో, మరింత పెద్ద బృందం వచ్చింది. ఆ చలికాలంలోనే మశూచి వ్యాపించింది. సుమారు వందమంది వలసదారులు చనిపోయారు. ఇతరులతో రాకపోకలు లేకుండా 1877 వేసవి వరకు ఆ ప్రాంతాన్ని దిగ్బంధంలో ఉంచారు. అదే మశూచి అక్కడ అంతకు ముందునుంచీ నివసిస్తున్న ఆదివాసీ సమూహాలను ఇంకా ఘోరంగా దెబ్బతీసింది. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. 7.7వ భాగంలో దీని అవసరం వస్తుంది.

ఇన్ని కష్టాల మధ్య కూడా ఆ జనం 1877లోనే ‘ఫ్రామ్‌ఫారి’ అనే పత్రికను తమ భాషలో ప్రారంభించారు. చలికాలపు రాత్రుల్లో ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి, ఒకరు సాగాలు చదువుతుంటే మిగిలినవారు ఉన్ని పని చేసుకుంటూ వినడం ఐస్‌లాండ్ ఇళ్లలో తరతరాల అలవాటు. సాగాలంటే వారి పూర్వీకుల వీరగాథలు, వంశ కథలు. చేతిలో డబ్బు లేకపోయినా అక్షరం ఉన్న పేదలు వీరు.

7.3 రచయిత్రి జీవితం

లారా 1890లో విన్నిపెగ్‌లో పుట్టింది. తల్లిదండ్రులు 1887లో ఐస్‌లాండ్ నుంచి వచ్చారు. ఆమె పేరులోనే వలస చరిత్ర ఉంది. ఐస్‌లాండ్‌లో మనకున్నట్టు ఇంటిపేర్లు ఉండవు. తండ్రి పేరుకు ‘కొడుకు’ లేదా ‘కూతురు’ అనే మాట చేరుస్తారు. ఆమె తండ్రి లారుస్ గుడ్ముండ్‌సన్. అంటే గుడ్ముండుర్ కొడుకు లారుస్. ఆ లెక్కన ఈమె ‘లారుస్ కూతురు’ కావాలి. కాని కెనడాలో ఆ పేరు ‘గుడ్‌మన్’గా మారి, ఇంటిపేరులా పిల్లలకు సంక్రమించింది. 1913లో నార్వే సంతతికి చెందిన రైల్వే ఉద్యోగి జార్జ్ సాల్వర్‌సన్‌ను పెళ్లి చేసుకున్న తరువాత మరో పేరు చేరింది. చివరికి పుస్తకం అట్ట మీద నిలిచిన పేరులో ఐస్‌లాండ్ ఎక్కడుందో వెతికి చూడాలి.

తండ్రి గుర్రపు జీనులు కుట్టే పనివాడు. పుస్తకాలంటే ప్రాణం. వచ్చే ఊళ్లో బతుకు బాగుంటుందన్న నమ్మకంతో కుటుంబాన్ని ఊరి నుంచి ఊరికి, కెనడా నుంచి అమెరికాకు తిప్పాడు. తల్లి ఇంగిబ్యోర్గ్ అభిమానవతి. మాటలు తక్కువ. పిల్లల్లో కొందరిని పసితనంలోనే పోగొట్టుకుంది. లారా కూడా రోగిష్టి పిల్ల కావడంతో బడికి ఆలస్యంగా వెళ్లింది. పదేళ్లు వచ్చేదాకా ఆమెకు ఇంగ్లీషు రాదు.

ఆమె రచనల్లో ముఖ్యమైనవి: ‘ది వైకింగ్ హార్ట్’ (1923), ‘వెన్ స్పారోస్ ఫాల్’ (1925), ‘లార్డ్ ఆఫ్ ది సిల్వర్ డ్రాగన్’ (1927), ‘ది డార్క్ వీవర్’ (1937), ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎన్ ఇమిగ్రంట్స్ డాటర్’ (1939), ‘ఇమ్మోర్టల్ రాక్’ (1954). ‘ది డార్క్ వీవర్’కు కాల్పనిక సాహిత్య విభాగంలోను, ‘కన్ఫెషన్స్’కు కాల్పనికేతర విభాగంలోను కెనడా గవర్నర్ జనరల్ పురస్కారాలు లభించాయి.

7.4 ‘ది వైకింగ్ హార్ట్’: విన్న కథ

ఈ నవల 1876 నాటి వలసతో మొదలవుతుంది. ఐస్‌లాండ్‌లో ఒక కుటుంబం అగ్నిపర్వతం దెబ్బకు నిలువ నీడ కోల్పోయి ఓడ ఎక్కుతుంది. ఆ ఇంటి అమ్మాయి బోర్గా. గిమ్లీ ప్రాంతపు తొలి కష్టాల్లోంచి పెరిగి, బ్యోర్న్ లిండల్‌ను పెళ్లాడి, అడవి నరికిన నేల మీద సంసారం నిలబెడుతుంది. కన్నవారి పేదరికానికి సిగ్గుపడే కూతురు నిన్నా ఒక వైపు, ఇంటి ఆశలన్నీ మోస్తున్న కొడుకు థోర్ మరో వైపు. వైద్యుడు కావలసిన థోర్ మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి తిరిగిరాడు.

నవలకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. బోర్గా దుఃఖం మొదట కోపంగా మారుతుంది. ఇన్నాళ్లూ తన చెమటను తీసుకున్న దేశం ఇప్పుడు కొడుకునూ తీసుకుంది. కాని కథ ఆమెను ఆ కోపంలో వదిలిపెట్టదు. కొడుకు రక్తం ధారపోసిన దేశం ఇక పరాయిది కాదన్న భావన వైపు మెల్లగా నడిపిస్తుంది. కొడుకు మరణంతో తల్లి కెనడా మనిషి అవుతుంది. ఇదీ 1923లో రచయిత్రి ఇచ్చిన సమాధానం.

ఈ సమాధానాన్ని తేలికగా కొట్టివేయకండి. అప్పటి కెనడాలో ఇంగ్లీషు మాట్లాడని వలసదారుడంటే కూలివాడు, మొరటువాడు అన్న చులకన ఉండేది. యుద్ధం ముగిసి అయిదేళ్లే అయింది. ‘మేమూ ఈ దేశం కోసం బిడ్డలను ఇచ్చాం’ అని గట్టిగా చెప్పవలసిన అవసరం ఆ సమాజానికి ఉంది. సాల్వర్‌సన్ వారి తరఫున న్యాయవాదిలా నిలబడింది.

అయితే న్యాయవాది వాదంలో సందేహానికి చోటుండదు. నవల బలహీనత కూడా అదే. గిమ్లీ తొలినాళ్లను రచయిత్రి చూడలేదు. ఆమె పుట్టేనాటికి అవి పద్నాలుగేళ్ల వెనకటి మాట. ఆమె కన్నవారు కూడా ఆ బృందంలోని వారు కారు. కాబట్టి ఆ భాగమంతా ఒక సమాజం తన గురించి తాను చెప్పుకొన్న కథ. చెప్పిన ప్రతి నోటా కాస్త నునుపు తేలిన కథ. చాలాచోట్ల శైలి అవసరానికి మించి ఉద్వేగంగా ఉంటుంది. పాత్రల కష్టాలకు సాగాల వీరత్వం తొడుగుగా వస్తుంది. వీరుడికి బాధ శోభనిస్తుంది. వంటింట్లో పొయ్యి ముందు కూర్చున్న మనిషికి అది శోభ కాదు, బాధే. ఈ తేడాను నవల పూర్తిగా పట్టుకోలేకపోయింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. గిమ్లీ అనే పేరుకు నార్స్ పురాణాల్లో ఉన్న అర్థం ఏమిటి?
2. ‘ది వైకింగ్ హార్ట్’లో థోర్ మరణానికి రచయిత్రి ఇచ్చిన అర్థాన్ని మీ మాటల్లో రాయండి.

7.5 ఏ భాషలో రాయాలి?

ఆత్మకథలోకి వెళ్లే ముందు భాష సంగతి చూద్దాం. అమెరికాలోని డులూత్ నగరంలో ఉన్నప్పుడు చిన్నారి లారాకు అక్కడి గ్రంథాలయం పరిచయమైంది. అన్ని పుస్తకాలను ఒకచోట చూసిన ఆ పిల్ల తానూ ఒక పుస్తకం రాయాలని, అదీ ఇంగ్లీషులోనే రాయాలని నిశ్చయించుకుంది. ఇంట్లో సాగాలు విన్న భాష ఒకటి, తాను రాయదలచిన భాష ఒకటి.

ఇదే సమయంలో వేరే దారి పట్టిన కవి ఒకడున్నాడు. స్టెఫాన్ జి. స్టెఫాన్‌సన్ (1853–1927) ఐస్‌లాండ్‌లో పుట్టి, 1889లో కెనడాలోని ఆల్బెర్టాకు వచ్చి రైతుగా బతికాడు. పగలంతా పొలం పని, రాత్రి కవిత్వం. ఆయన కవితా సంపుటాల పేరు ‘అండ్‌వోకుర్’, అంటే నిద్రలేని రాత్రులు. ఆయన జీవితాంతం ఐస్‌లాండ్ భాషలోనే రాశాడు. సముద్రానికి ఆవల మాతృదేశం ఆయనను గొప్ప కవిగా గౌరవించి, 1917లో అతిథిగా పిలిపించుకుంది. కాని ఆయన దున్నిన నేల మీది ఇంగ్లీషు పాఠకులకు ఆ కవిత్వం చాలాకాలం అందలేదు.

ఈ ఇద్దరిలో ఎవరిది సరైన దారి? విద్యార్థులు తరగతిలో తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. నా అభిప్రాయంలో ప్రశ్నను కొంచెం మార్చి అడగాలి: ఎవరు ఎవరితో మాట్లాడదలచారు? స్టెఫాన్‌సన్ తనవారితో మాట్లాడాడు. సాల్వర్‌సన్ తనవారిని చులకన చేసేవారితో మాట్లాడింది. చులకన చేసేవారితో మాట్లాడాలంటే వారి భాషే కావాలి. దానికి మూల్యమూ ఉంది. ఇంట్లో తల్లి నోట విన్న మాటను పరభాషలో పెట్టేటప్పుడు, దాన్ని పాఠకుడికి వివరిస్తూ, సమర్థిస్తూ రాయవలసి వస్తుంది. ‘ది వైకింగ్ హార్ట్’ శైలిలో కనిపించే ఉద్వేగానికి ఇదొక కారణం. అది ఎదుటివారిని ఒప్పించడానికి ఎత్తిన గొంతు. ఇంట్లో ఒక భాష, ఉద్యోగానికి ఇంకో భాష అనే పరిస్థితి మీలో చాలామందికి అనుభవమే కనుక, ఈ అంశాన్ని మీరు పుస్తకంలోంచే కాక మీ జీవితంలోంచి కూడా ఆలోచించవచ్చు.

7.6 ‘కన్ఫెషన్స్’: చూసిన జీవితం

1939లో వచ్చిన ఈ ఆత్మకథలో గొంతు మారింది. రచయిత్రికి అప్పటికి యాభై ఏళ్లు దగ్గరపడుతున్నాయి. ఆర్థిక మాంద్యం చూసింది. ఐరోపా మరో యుద్ధంలోకి జారుతోంది. ఈసారి ఆమె ఒక జాతి కథ చెప్పడం లేదు. పేరులోనే ఆ మాట ఉంది: ఇది ఒక వలసదారుని కూతురి కథ.

కూతురి చూపు ఎక్కడికి పోతుందో గమనించండి. అడవి నరికిన వీరుల మీదికి కాదు, ఇంటి లోపలికి. తండ్రి ఆశావాదాన్ని ఆమె ప్రేమతో చూపిస్తుంది. కాని ఆ ఆశ ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో కూడా చూపిస్తుంది. ఊరు మారిన ప్రతిసారీ సామాను సర్దింది తల్లి. పసిబిడ్డలను మట్టిలో కలిపి మళ్లీ పొయ్యి వెలిగించింది తల్లి. ఆమె మౌనాన్ని నవల అయితే వీరనారి నిబ్బరం అని ఉండేది. ఆత్మకథ ఆ మౌనం ముందు ఆగి, దాని వెనక ఏముందని అడుగుతుంది.

ఈ పుస్తకంలో మరచిపోలేని మనిషి హాల్డోరా. ఆమె లారాకు పిన్ని వరస, వృత్తి రీత్యా మంత్రసాని. డులూత్‌లో ఆమె నడిపిన ప్రసూతి గృహానికి పెళ్లికాకుండా గర్భవతులైన ఆడపిల్లలు, వరస కాన్పులతో నీరసించిన ఇల్లాళ్లు వచ్చేవారు. సమాజం ముఖం తిప్పుకున్నవారికి హాల్డోరా తలుపు తీసింది. వయసుకు వస్తున్న లారా అక్కడ చూసినది ఏ సాగాలోనూ లేదు. ఆడవారి శరీరం మీద పేదరికం, పురుషుడి నిర్లక్ష్యం, లోకం తీర్పు ఒకేసారి ఎలా పడతాయో అక్కడ తెలుసుకుంది. బతుకుతెరువు కోసం తాను చేసిన ఇళ్లలో పనుల గురించి కూడా ఆమె దాచకుండా రాసింది.

యుద్ధం విషయంలో మార్పు మరింత స్పష్టం. నవలలో కొడుకు మరణం తల్లికి దేశాన్ని సంపాదించి పెట్టింది. ఆత్మకథ రాసిన చేతికి యుద్ధం మీద అలాంటి భక్తి లేదు. తల్లులు కని పెంచిన బిడ్డలను ఇతరుల లెక్కల కోసం బలిపెట్టే వ్యవహారంగా ఆమె యుద్ధాన్ని చూస్తుంది. ప్రసూతి గృహాన్ని దగ్గరగా చూసిన మనిషికి ప్రాణం ఖరీదు తెలుసు. ఒక బిడ్డ భూమి మీద పడడానికి ఎంత నెత్తురు కావాలో చూసినవారు, ఆ బిడ్డ యుద్ధభూమిలో పడిపోవడాన్ని ‘మూల్యం’ అనే మాటతో సరిపెట్టుకోలేరు.

మరో విశేషం ఉంది. ఈ ఆత్మకథ ఆమె తొలి నవల వెలువడిన కాలం వద్ద ఆగిపోతుంది. అంటే ఆత్మకథ ముగిసే చోట ‘ది వైకింగ్ హార్ట్’ మొదలవుతుంది. వెనక వచ్చిన పుస్తకం ముందు పుస్తకానికి పీఠికలా నిలబడుతుంది. ఈ వరసలో చదివితే నవల ఇచ్చిన సమాధానం మనకు అంత తేలికగా మింగుడుపడదు.

7.7 రెండు పుస్తకాలూ చూడని చోటు

సాల్వర్‌సన్‌ను మెచ్చుకుంటూనే మనం అడగవలసిన ప్రశ్న ఇంకొకటి మిగిలింది. న్యూ ఐస్‌లాండ్ ఖాళీ నేల మీద వెలిసింది కాదు. అక్కడ క్రీ, ఒజిబ్వే ప్రజలు నివసించేవారు. శాండీ బార్ అనే చోట ఉన్న ఆదివాసీ సమూహం వలసదారుల రాకతో భూమిని, మశూచితో మనుషులను పోగొట్టుకుంది. ఆ సమూహానికి చెందిన జాన్ రామ్‌సే మశూచితో చనిపోయిన తన భార్య బెట్సీ సమాధికి చలువరాతి ఫలకం తెప్పించి నిలిపాడు. వలసదారులకు అతడు ఎన్నో విధాల సాయం చేసినవాడు. ఆ రాయి ఈనాటికీ రివర్టన్ సమీపంలో ఉంది.

‘ది వైకింగ్ హార్ట్’లో ఆదివాసులు కథ అంచుల్లోనే ఉండిపోతారు. తనవారి కష్టాన్ని లోకానికి చాటాలన్న తపనలో, తనవారి వల్ల ఇతరులకు కలిగిన కష్టం రచయిత్రి కంటికి ఆనలేదు. తల్లి మౌనాన్ని వినగలిగిన ఆత్మకథ కూడా ఈ మౌనం దాకా వెళ్లలేదు. ఇది ఆమె ఒక్కరి లోపం కాదు. ఆ కాలపు వలస సాహిత్యంలో చాలాచోట్ల కనిపించేదే. అయినా దీన్ని ఎత్తి చూపడం మన బాధ్యత. ఎందుకంటే ఖర్చు ఎవరు భరించారన్న ప్రశ్నను మనకు నేర్పింది ఆమె పుస్తకమే. ఆ ప్రశ్నను ఆమె ఆగిన చోటు దాటి ముందుకు తీసుకుపోవడం ఆమెను తగ్గించడం కాదు, ఆమె నుంచి నేర్చుకోవడం.

7.8 సారాంశం

సాల్వర్‌సన్ ఒకే వలస జీవితాన్ని రెండుసార్లు రాసింది. 1923 నాటి నవల విన్న కథల మీద కట్టిన కట్టడం. అందులో త్యాగానికి ఫలితం ఉంది, ముగింపులో ఓదార్పు ఉంది. 1939 నాటి ఆత్మకథ కళ్లారా చూసిన బతుకు. అందులో ఓదార్పు తక్కువ, ప్రశ్నలు ఎక్కువ. నవలకు చారిత్రక ప్రాధాన్యం ఉంది. సాహిత్యంగా ఆత్మకథే గొప్పదని ఈ పాఠ రచయిత అభిప్రాయం. ఎందుకంటే అందులో రచయిత్రి తనవారి పక్షాన వాదించడం మానలేదు కాని, ఆ వాదంలో తన తల్లికి, హాల్డోరా ఇంటి తలుపు తట్టిన స్త్రీలకు సాక్ష్యం చెప్పే అవకాశం ఇచ్చింది.

ఈ అభిప్రాయాన్ని మీరు అంగీకరించి తీరాలని లేదు. వీలైతే రెండు పుస్తకాలూ చదవండి. ఒక్కటే చదవగలిగితే ఆత్మకథ చదవండి. చదివిన తరువాత మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో పొట్టకూటి కోసం దూరదేశం వెళ్లిన కుటుంబం ఉంటే, వారి కథను ఇప్పటివరకు మీకు ఎవరు చెప్పారో, ఎవరు చెప్పలేదో ఒకసారి గుర్తుచేసుకోండి. చెప్పనివారిని అడగడం నుంచి మంచి విమర్శ మొదలవుతుంది.

7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ‘ది వైకింగ్ హార్ట్’, ‘కన్ఫెషన్స్’ గ్రంథాల్లో తల్లి పాత్ర చిత్రణను పోల్చి విశ్లేషించండి.
2. వలస రచయిత భాషను ఎంచుకోవడంలో ఎదురయ్యే సమస్యలను స్టెఫాన్‌సన్, సాల్వర్‌సన్‌ల ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. లారా గుడ్‌మన్ సాల్వర్‌సన్ అనే పేరులో వలస చరిత్ర ఎలా కనిపిస్తుంది?
2. హాల్డోరా ప్రసూతి గృహం రచయిత్రి దృక్పథాన్ని ఎలా మార్చింది?
3. సాల్వర్‌సన్ రచనల్లో ఆదివాసుల గురించిన మౌనాన్ని మీరెలా అర్థం చేసుకుంటారు?